కొలత గొలుసు పట్టిన ఆరాధన: ఒంగోలు క్లౌ, ఆయనతో నడిచిన మాదిగలు

బకింగ్‌హామ్ కాలువ మీద చాలా రాశారు. గవర్నరు పేరు రాశారు, పొడవు రాశారు, ఖర్చు రాశారు. తవ్విన చేతుల గురించి రాసింది తక్కువ. ఒంగోలు ప్రాంతంలో ఆ కాలువ తాలూకు మూడున్నర మైళ్ల ముక్కను మాదిగలు తవ్వారు. స్త్రీలు, పురుషులు కలిసి, కరువు నడినెత్తిన ఉండగా తవ్వారు. ఆ పని కాంట్రాక్టు తీసుకుని, కొలిచి, కూలి చేతిలో పెట్టిన మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ.

క్లౌ పేరు చెప్పగానే సాధారణంగా ఒక అంకె చెబుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం. సంఘాల్లో ఆ అంకెను గర్వంగా చెప్పుకుంటారు. బయటివాళ్లు అదే అంకెను ఎత్తి చూపి, కరువులో కూటి కోసం మతం మారారని ఎద్దేవా చేస్తారు. ఈ రెండు మాటల మధ్య అసలు సంగతి కనబడకుండా పోతోంది. ఆ అంకెకు ముందు ఒక పని ఉంది. ఆ పనిలో కొలత ఉంది, కూలి ఉంది, మర్యాద ఉంది. క్లౌ ఆరాధన ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలంటే గుడిని కాదు, ఆ కాలువ గట్టును చూడాలని మేము అనుకుంటున్నాం.

సర్వేయర్ నుంచి మిషనరీ

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. ఉన్న కుటుంబం కాదు. బతుకుతెరువు వెతుక్కుంటూ పడమటి వైపు కదిలిన అనేక కుటుంబాల్లో అదొకటి. ఇల్లినాయి, అక్కణ్ణుంచి అయోవా. కుర్రవాడిగా ఉండగానే క్లౌ మిన్నెసోటా వైపు భూమి కొలిచే బృందంలో చేరారు. అడవుల్లో, బురదల్లో గొలుసు లాగారు. చిన్న వయసులోనే ప్రభుత్వ డిప్యూటీ సర్వేయర్ అయ్యారు.

అప్పటికి ఆయనకు దేవుడి మీద పెద్ద ఆసక్తి లేదు. లాయర్ కావాలన్నది ఆశ. చదువు కోసం అయోవాలోని బర్లింగ్టన్ వెళ్లాక విశ్వాసంలోకి వచ్చారు. లాయర్ ఆశ వదిలి మిషనరీ కావాలనుకున్నారు. మతం ఆయనకు పుట్టుకతో అంటుకున్న అలవాటు కాదు, పని చేసి బతకడం నేర్చుకున్న తర్వాత దొరికిన నమ్మకం. ఆయన తర్వాతి జీవితమంతా ఈ వరుసలోనే అర్థమవుతుంది.

1864 చివర భార్య హారియెట్‌తో కలిసి ఓడెక్కి, 1865లో మద్రాసు చేరి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలుకు మారారు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. బాప్టిస్టుల తెలుగు మిషను అప్పటికి పాతికేళ్లకు పైబడింది. అయినా సంఘం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత చిన్నది. ఈ మిషనును మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది.

తోళ్ల మూటతో వచ్చిన పేరయ్య

ఒంగోలు కథను క్లౌతో మొదలుపెట్టడం అలవాటైపోయింది. అసలు మొదలు ఎర్రగుంట్ల పేరయ్యది. తాళ్ల కొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరూ తిరిగే మనిషి. క్రైస్తవం వినకముందే ఆధ్యాత్మిక జిజ్ఞాస ఉన్నవారు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నారు. తోళ్ల బేరం మీద ఉత్తరాదిగా ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల బోధ చెవిన పడింది. ఇంటికి తిరిగొచ్చి ఆలోచించారు. తనంతట తానే వెతుక్కుంటూ వచ్చి, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ తర్వాత ఆయన కులవృత్తి వదిలి తెల్ల బట్టలు కట్టుకుని పట్నంలో కూర్చోలేదు. వాడల్లో తిరిగారు. బంధువులతో, తోలు పని చేసేవాళ్లతో, తనను ఎరిగినవాళ్లతో మాట్లాడారు. గురువు ఇంటికి వచ్చి కింద కూర్చుని మాట్లాడడం మాదిగలకు కొత్త కాదు. పేరయ్య ఆ దారినే నడిచారు. 1867 జనవరిలో క్లౌ తాళ్ల కొండపాడు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. ఆ ఒక్కసారే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలులో అప్పుడే ఏర్పడిన సంఘంలో ఉన్నది ఎనిమిది మందే.

కులం మన పనినే మనకు అంటుగా చూపించింది. తోలు ముట్టినందుకు మనిషిని ముట్టరానివాణ్ని చేసింది. ఆ తోలు చెప్పులుగా, మోట బానగా మారాక మాత్రం ఊరంతా వాడుకుంది. పేరయ్య చేసింది ఈ లెక్కను తిరగేయడం. ఏ పని కారణంగా తనను ఊరి బయట పెట్టారో, ఆ పని మీద తిరిగిన దారుల్లోనే ఆయన దేవుడి మాట మోశారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల కథలను, వాళ్ల గురు పరంపరలను సేకరించి 1899లో ఒక పుస్తకం వేశారు. చెప్పులు కుడుతూ ఉండగా అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు సరిగ్గానే కుదిరింది.

బడి పోయింది, వాడ మిగిలింది

ఒంగోలు వచ్చిన కొత్తలో క్లౌ కూడా చాలామంది మిషనరీల్లాగే పైనుంచి మొదలుపెట్టాలనుకున్నారు. అగ్రకులాల పిల్లల కోసం బడి తెరిచారు. వాళ్లు వస్తే మిగతావాళ్లు వెనకాలే వస్తారన్నది అప్పటి మిషనరీల్లో చాలామంది లెక్క. ఇంతలో మాదిగలు సంఘంలోకి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని బ్రాహ్మణ విద్యార్థులు తేల్చి చెప్పారు.

క్లౌ దంపతులు ఆ రోజు విడివిడి గదుల్లో ప్రార్థనకు కూర్చున్నారని, ఇద్దరికీ బైబిల్‌లో ఒకే భాగం తగిలిందని చెబుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం, లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. దాన్ని అద్భుతం అనుకున్నా, యాదృచ్ఛికం అనుకున్నా ఫలితం ఒకటే. క్లౌ మాదిగలను ఎంచుకున్నారు. అగ్రకులాల పిల్లలు వెళ్లిపోయారు. ఆ బడి పోయింది.

ఆదివారం అనే సమ్మె

సంఘంలో చేరిన మాదిగలు మూడు సంగతులకు కట్టుబడ్డారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి మతం పెట్టిన నియమాలు. ఊరి కళ్లతో చూస్తే ఇది తిరుగుబాటు.

మాదిగ ఏ రోజు పిలిస్తే ఆ రోజు పొలానికి రావాలన్నది ఊరి కట్టడి. వారానికి ఒక రోజు రాను అనడమంటే, నా శరీరం మీద నాకూ హక్కుంది అని చెప్పడం. చచ్చిన పశువును లాక్కెళ్లి, మాంసం తిని, తోలు తీసి, బదులుగా రైతుకు చెప్పులూ మోట బానలూ ఇవ్వాలన్నది వెట్టి లెక్క. మాంసం తినం అనడంతో ఆ లెక్క కదిలింది. జాతరలో డప్పు కొట్టం అనడంతో గుడి ముందు మాదిగకు కేటాయించిన చోటు ఖాళీ అయింది.

ఊరు ఊరుకోలేదు. కూలికి పిలవడం మానేశారు. నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. దొంగతనం కేసులు బనాయించారు. క్లౌ ఈ ఫిర్యాదులను అధికారుల ముందుకు తీసుకెళ్లారు. దెబ్బలు తిన్నది మాత్రం వాడల్లోని మనుషులే. వారంలో ఒక రోజును దేవుడి కోసం అట్టిపెట్టడమే ఆరాధన అయితే, ఆ ఆరాధనకు వాళ్లు ఆరు రోజుల కూలిని పణంగా పెట్టారు. కరువు రాకముందు పదేళ్ల పాటు ఇలా నిలబడినవాళ్లను తిండి కోసం మారినవాళ్లు అనగలమా?

ధాత కరువు

1876లో వానలు పోయాయి. 1877లోనూ సరిగా పడలేదు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. దక్షిణ భారతమంతా కలిపి యాభై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. ఆకలి వెనకే కలరా వచ్చింది. గింజలు లేక కాదు, కొనే శక్తి లేక చాలామంది చచ్చిపోయారు. ఓడరేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. ఖర్చు తగ్గించాలని వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో సహాయ పనుల కూలిని కోసేశారు. రోజంతా చాకిరి చేసిన మగ మనిషికి ఒక పౌను ధాన్యానికి సరిపడా డబ్బూ, మరో అణా. ఆ కూలితో ప్రాణం నిలవదని మద్రాసు ప్రభుత్వంలోని డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించవలసి వచ్చింది.

కరువు అందరికీ ఒకేలా రాదు. భూమి లేనివాడికి ముందు వస్తుంది, చివరిదాకా ఉంటుంది. సహాయ పనుల దగ్గర అజమాయిషీ చేసేది అగ్రకులాల వాళ్లు. అక్కడికి వెళ్లిన మాదిగలకు తిట్లు దక్కేవి, సరైన కొలత దక్కేది కాదు.

ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ పనిని కరువు పనిగా చేపట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కావడంతో కాలువకు ఆ పేరు వచ్చింది. క్లౌ అధికారులను కలిసి మూడున్నర మైళ్ల కాంట్రాక్టు అడిగి తీసుకున్నారు. ఒక మిషనరీ కాంట్రాక్టరు కావడం వింతగానే ఉంటుంది. కానీ కుర్రతనంలో గొలుసు పట్టిన చెయ్యి అది. మట్టం ఎలా చూడాలో, గుంటను ఎలా కొలవాలో, ఎంత మట్టి తీస్తే ఎంత పనో తెలిసిన మనిషి. ఇరవై ఏళ్ల కిందట పొట్టకూటి కోసం నేర్చుకున్న పని ఇప్పుడు వేలమంది ప్రాణాలకు అక్కరకొచ్చింది.

కాలువ గట్టు మీద

క్లౌ చేసిన ఏర్పాటులో ముఖ్యమైనది, మేస్త్రీలుగా ఎవరిని పెట్టారన్నది. తన సంఘంలోని తెలుగు బోధకులను పెట్టారు. ఒక్కొక్కరి కింద సుమారు వందమంది. మాదిగ వాడల నుంచి వచ్చిన మనుషుల మీద అజమాయిషీకి ఆ వాడలను ఎరిగిన మనుషులే ఉన్నారు. తిట్టేవాడు లేడు. కులం అడిగి దూరంగా నిలబెట్టేవాడు లేడు. పురుషులు తవ్వారు, స్త్రీలు తట్టలెత్తారు. క్రైస్తవులే రావాలన్న షరతు లేదు. ఆకలితో ఉన్న ఎవరైనా వచ్చి పని చేయవచ్చు.

ఇది దానం కాదు. ఈ తేడాను మనం గట్టిగా పట్టుకోవాలి. దానం తీసుకున్నవాడు తల దించుకుంటాడు. కూలి తీసుకున్నవాడు తన చెమట తాలూకు లెక్క అడుగుతాడు. కులం మనకు ఎంగిలి పెట్టింది, పాత బట్ట ఇచ్చింది, చచ్చిన గొడ్డును ఇచ్చింది. కొలిచి కూలి ఇవ్వడం మాత్రం దానికి చేతకాలేదు. కాలువ గట్టు మీద మొదటిసారి అనేకమంది మాదిగలు, మాట పడకుండా, చేసిన పనికి లెక్క ప్రకారం డబ్బు అందుకున్నారు.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు మేస్త్రీ మళ్లీ బోధకుడయ్యేవారు. జనం చుట్టూ కూర్చుని అడిగేవారు, ఆయన చెప్పేవారు. ఆ బోధకు బలం మాటల్లోంచి మాత్రమే రాలేదు. పొద్దున్నుంచి తమతో మనిషిలా మాట్లాడిన మనిషి చెబుతున్నాడు కాబట్టి విన్నారు. కొలతలో మోసం చేసి సాయంత్రం ప్రసంగం చేసి ఉంటే ఎవరు వింటారు?

పదిహేను నెలల నిరాకరణ

ఇక కూటి కోసం మారారన్న నింద సంగతి. కరువు తీవ్రంగా ఉన్న రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వకుండా ఆపేశారు. పనికీ బాప్తిస్మానికీ, తిండికీ బాప్తిస్మానికీ ముడి పడకూడదన్నది ఆయన పట్టుదల.

1878 జూన్ నాటికి కాలువ పని అయిపోయింది. పంచడానికి డబ్బు కూడా మిగల్లేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి బోధకులను మాత్రం రమ్మని కబురు పెట్టారు. సాయం ఏమీ లేదని ముందే చెప్పారు. అయినా జనం వేలల్లో వచ్చారు. డబ్బు అక్కర్లేదు, మమ్మల్ని చేర్చుకోండి అని అడిగారు. వెంటనే చేర్చుకోవడానికి క్లౌ వెనకాడారు. ఒక్కొక్కరి గురించీ బోధకులను విచారించారు, పేర్లు రాయించారు. ఆ తర్వాతే నదిలోకి దిగనిచ్చారు.

జూలై 3న పొద్దున మొదలైంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నదిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చారు. ఎండ వేళ ఆపి మళ్లీ కొనసాగించారు. సాయంత్రానికి 2,222 మంది. నీళ్లలో నిలబడిన చేతులు దొరవి కావు, తెలుగువాళ్లవి. ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఆకలిగా ఉన్నప్పుడు నిరాకరించి, పెట్టడానికి ఏమీ లేనప్పుడు చేర్చుకున్న చరిత్ర ఇది. నింద వేసేవాళ్లు తేదీలు చూసుకోవాలి. పైగా ఆ ప్రశ్నలోనే ఒక అవమానం ఉంది. పస్తులతో ఉన్న దళితుడు ఆలోచించలేడని, ఆత్మ అనేది కడుపు నిండినవాళ్లకే ఉంటుందని ఆ ప్రశ్న అనుకుంటోంది. పేరయ్య రాజయోగం నేర్చుకున్నది, ఏలూరు దాకా వెళ్లి విన్నది, తిరిగొచ్చి ఆలోచించింది ఏ కరువులో?

క్లౌ పరిమితులు

క్లౌను విగ్రహం చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన తెల్ల దొర. ఆయన మాట కలెక్టరు దగ్గర చెల్లడానికి కారణాల్లో ఆ రంగు కూడా ఒకటి. కరువును ఘోరం చేసిన ప్రభుత్వం దగ్గరే ఆయన కాంట్రాక్టు తీసుకున్నారు. వాడల్లోని పెద్దరికాన్నీ, పంచాయితీనీ గౌరవించి వాటి మీదే సంఘాన్ని కట్టారు. నిజమే. కానీ ఆస్తులూ నిర్ణయాలూ చాలా కాలం మిషనరీల చేతిలోనే ఉండిపోయాయి. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువగా చేరడంతో, ఉపకులాల గీత సంఘాల మధ్య గీతగా కూడా మారింది. ఆ గీతను చెరపడం ఇప్పటికీ మన ముందున్న పని.

మరో గాయం స్వతంత్ర భారతం చేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. వెల్లంపల్లిలో నదిలోంచి బయటికి వచ్చిన మనిషిని ఊరు మాదిగగానే చూసింది. ఆయన వారసులను చట్టం మాత్రం వేరే లెక్కలో రాసింది.

కొలత మన చేతికి వచ్చాక

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయారు. ఆయన జీవితం గురించి చెప్పిన మాటలను ఎమ్మా 1914లో పుస్తకంగా తెచ్చారు. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పేరున్న ఆలోచనాపరుడు. ఆ పుస్తకం పేరులోనూ సామాజిక క్రైస్తవం అన్న మాట ఉంది. ఒంగోలు వాడల్లో, కాలువ గట్టు మీద క్లౌ చేసిన పనికి అది తగిన మాట.

ఈ చరిత్ర ఈ తరం దళిత విద్యార్థులకు ఎందుకు? మన పిల్లలు ఇవాళ ఇంజినీర్లు, నర్సులు, టీచర్లు, గుమాస్తాలు, పంచాయతీ కార్యదర్శులు అవుతున్నారు. కొలిచే గొలుసు కొంతవరకు మన చేతికి వచ్చింది. ఊళ్లలో మట్టి పనికి కూలి ఇప్పటికీ కొలత మీదే ఆధారపడి ఉంది. ఉపాధి పనుల్లో ఎండలో గుంట తవ్విన అమ్మకు ఎంత వస్తుందన్నది టేపు పట్టినవాడి చేతిలో, రాసేవాడి కలంలో ఉంది. పారిశుద్ధ్య కార్మికుడి జీతం బిల్లు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతుందో కూడా అంతే.

ఆదివారం పాటలు పాడి, సోమవారం ఆ బిల్లును పక్కన పెట్టే ఉద్యోగి ఎంత భక్తుడైనా పేరయ్య వారసుడు కాడు. ప్రవక్తల కాలం నుంచి బైబిల్ తప్పుడు తూకాన్ని దేవుడికి అసహ్యమైనదిగానే చెబుతోంది. కూలివాడి జీతం ఆపడాన్ని ఆకాశానికి వినిపించే అరుపుగా చెబుతోంది. క్రైస్తవులు కానివాళ్లకు ఇదే మాట రాజ్యాంగంలో దొరుకుతుంది. ఏ దారిలో వచ్చినా చేరేది ఒకే చోటికి: కొలత సరిగా ఉండాలి, కూలి వేళకు అందాలి, పని చేసిన మనిషిని మనిషిగా పిలవాలి.

పేరయ్య తోళ్ల మూటతో, క్లౌ కొలత గొలుసుతో ఆ పని చేశారు. తవ్విన మాదిగలు పలుగూ తట్టా పట్టుకుని చేశారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. మన చేతిలో ఉన్న పనిముట్టు ఏదైనా, దాన్ని వాళ్ల మనవళ్ల, మనవరాళ్ల పక్షాన పట్టుకోవడమే వాళ్ల పేర్లు రాయడం.